సగం మంచం ఉన్న ఫొటో

చౌటుప్పల్‌లో ఉమారాణి కుట్టిన జాకెట్టు కుదరలేదన్న మాట ఎవరి నోటా వినపడదు. బస్టాండు వెనక సందులో, ఒక ఇరుకు గదిలో, ఇరవై రెండేళ్లుగా ఆమె మిషను నడుస్తున్నది. గుడ్డను బల్లమీద పరిచి, సుద్దతో గీత గీసి కత్తెర ఎత్తిందంటే మధ్యలో ఆగదు. అంత స్థిరమైన చెయ్యి ఆమెది. ఆ చేతితో చేసిన పనులలో ఒకదాన్ని మాత్రం ముప్పై రెండేళ్లుగా ఆమె ఎవరికీ చెప్పలేదు. ఒక కంప్యూటర్ తరగతి వల్ల అది చెప్పక తప్పని రోజు వచ్చింది.

2022 వానాకాలంలో ఊరి గ్రంథాలయంలో ఆడవాళ్ల కోసం మధ్యాహ్నం పూట ఒక తరగతి మొదలైంది. ఇంట్లో చెదలు తినకముందే పాత ఫొటోలను, ఉత్తరాలను, పెళ్లిపత్రికలను కంప్యూటర్‌లోకి ఎక్కించి, తెరమీద పుటలుగా పేర్చి, పక్కన వివరం రాసుకోవడం అక్కడ నేర్పుతారు. దానిని డిజిటల్ స్క్రాప్‌బుక్ అంటారు. నేర్పే మనిషి నాగరాణి. జూనియర్ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినావిడ. ఒక్కొక్కరు తమ పుట్టింటి గురించి ఒక్క పుట చేయాలని, పూర్తయిన పుటలు గ్రంథాలయంలోనే ఉంటాయని, ఎవరైనా వచ్చి చూడవచ్చునని ఆమె మొదటి రోజే చెప్పింది.

మౌస్ పట్టుకోవడం ఉమారాణికి నాలుగు రోజులు పట్టింది. ఆ తర్వాత తరగతిలో ఆమెను మించినవారు లేరు. అడుగున ఒక రంగు, దానిపైన ఫొటో, ఆపైన అక్షరాలు, ఇలా పొరలు పొరలుగా పెట్టడం అర్థంకాక మిగతావారు తికమకపడుతుంటే, లోపలి లైనింగు, పైగుడ్డ తేడా తెలిసిన ఆమెకు అది ఒక్క పూటలో పట్టుబడింది.

నాగరాణి ఒక నియమం పెట్టింది. ప్రతి పుట కింద అయిదు గడులు ఉంటాయి. ఫొటోలో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, తీసినవారెవరు, చివరిది ఈ ఫొటోకు జరిగిన మార్పులేమిటి. అయిదింటిలో ఒక్కటి అబద్ధమైనా ఆ పుటను తాను గ్రంథాలయంలో పెట్టనని ఆమె గట్టిగా చెప్పింది. ఫొటోలో ఉన్నవారు బతికి ఉంటే, పుటను వారికి చూపించి సరేననిపించుకోవాలన్నది కూడా ఆ నియమంలో భాగమే.

ఆ నియమం ఎంత పట్టుగా ఉంటుందో పక్క కుర్చీలోని సుమనకు ముందు తెలిసింది. సుమన తన తల్లి ఫొటోలో గారపట్టిన పళ్లను కంప్యూటర్‌తో తళతళలాడేట్టు చేసింది.

"చూడుండ్రి మేడం, మా అమ్మ పండ్లు ఎట్ల మెరుస్తున్నయో!"

నాగరాణి కళ్లజోడు సవరించుకుని చూసింది. "మీ అమ్మది ఏ ఊరు?"

"నల్లగొండ నాంపల్లి దిక్కు మేడం. బోరునీళ్లు."

"ఆ గార మీ అమ్మది కాదమ్మా, మీ ఊరి నీళ్లది. అది కూడ చరిత్రనే. తుడిచినవు, సరే. తుడిచిన్నని అయిదో గడిల రాయి."

"అబ్బ! ఫొటోల జర మంచిగ కనపడనియ్యరా మేడం మీరు?"

"కనపడనియ్యి. కాని రేపు ఎవరన్న జూసి ఆ ఊరి నీళ్లు మంచియే అనుకుంటే, ఆ అబద్ధం ఎవరిది? మీ అమ్మదా, నీదా?"

అందరూ నవ్వారు. ఉమారాణి కూడా పెదవులు మూసి నవ్వింది. పెదవులు మూసి నవ్వడం ఆమెకు చిన్ననాటి నుంచి అలవాటు. ఆమె పుట్టింది మర్రిగూడ మండలంలో. ఆ నీళ్లే ఆమె పళ్ల మీద కూడా గీతలు గీశాయి.

ఆమె తెచ్చిన ఫొటో 1988 నాటిది. ఊరి నీళ్లలోని ఫ్లోరైడును పరీక్షించడానికి వచ్చినవారి వెంట ఒక ఫొటోగ్రాఫరు కూడా వచ్చాడు. అతనికి కావలసింది ఉమారాణి అక్క సుక్కమ్మ కాళ్లు. అప్పటికి సుక్కమ్మకు ఇరవై ఏళ్లు. మోకాళ్లు లోపలికి వంగి, పాదాలు పక్కకు తిరిగి, పదేళ్ల వయసు నుంచే ఆమె నిలబడలేదు. ఫొటోగ్రాఫరు వంగి కెమెరా సరిచూసుకుంటుంటే తండ్రి బీరప్ప అడ్డం వచ్చాడు. గొర్రెల మంద తప్ప మరో లోకం తెలియని మనిషి అతడు. "కాళ్లొక్కటే ఏం జేసుకుంటవు సారూ? నా బిడ్డకు మొఖం లేదా? తీస్తే మొత్తం తియ్యి. మమ్మల్ని గూడ తియ్యి" అన్నాడు. దొడ్డి ముందర మంచం వేసి, తన గొంగడి పరిచి, సుక్కమ్మను ఎత్తుకొచ్చి ఒక కొసన కూర్చోబెట్టాడు. రెండో కొసన తల్లి అరుణమ్మ కూర్చుంది. ఆమె వెనక తానూ, పదిహేడేళ్ల ఉమారాణీ నిలబడ్డారు. నెల తర్వాత ఫొటో టపాలో వచ్చింది. ఆ ఇంట్లో దిగిన మొదటి ఫొటో అదే. సుక్కమ్మ పూర్తిగా కనిపించే ఫొటో కూడా అదొక్కటే.

ఉమారాణి తరగతికి తెచ్చిన దానిలో సుక్కమ్మ లేదు.

అయిదో గడిలో ఆమె ఇలా రాసింది: పాతబడి ఒక పక్క చిరిగినది.

నాగరాణి ఆ పుటను చదివి, ఫొటోను తెరమీద పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. ఫొటో అంచు తెరనిండా గోడలాగ నిలబడింది.

"ఉమా, నువ్వు టైలర్‌వు గద. ఈ అంచు జూసి నువ్వే చెప్పు. ఇది చిరిగిందా, కోసిందా?"

ఉమారాణి తెరవైపు చూసింది. చిరిగిన కాగితం అంచున నూగు లేస్తుంది. ఇక్కడ నూగు లేదు. పైనుంచి కిందికి తిన్నగా దిగిన గీత రెండుచోట్ల చిన్న మెట్టులా తప్పింది. పెద్ద కత్తెర పట్టడం రాని చెయ్యి మూడు పట్లలో, ఆగి ఆగి కోస్తే వచ్చే గీత అది. ఆ సంగతి ఆ గదిలో ఆమెకంటే బాగా చెప్పగలవారు ఎవరూ లేరు.

"తెల్వదు మేడం," అన్నది.

"మంచం సగమే ఉన్నది. రెండే కోళ్లున్నయి. అవతలి కొసన ఎవరో ఒకరు కూసోని ఉండాలె." నాగరాణి గొంతు పెంచలేదు. "ఎవరో నేను అడగను. కాని చిరిగింది అని రాస్తే మాత్రం పెట్టను."

ఆ సాయంత్రం ఉమారాణి మిషను ముందు కూర్చున్నది గాని, ఒక్క కుట్టు కూడా పడలేదు.

జరిగింది ఇది. 1990లో ఆత్మకూర్ వైపు నుంచి సంబంధం వచ్చింది. అక్కడ కృష్ణ నీళ్లు. మర్రిగూడ వైపు పిల్లంటే ఆ దిక్కు వాళ్లు ముందు నోరు తెరిపించి పళ్లు చూసేవారు; ఇంట్లో కాళ్లు వంగినవారు ఎవరైనా ఉన్నారా అని ఆరా తీసేవారు. మధ్యవర్తి వచ్చి పిల్ల ఫొటో అడిగాడు. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫొటో. బీరప్ప మంద వెంట వెళ్లాడు. అరుణమ్మ ఫొటోను చేతిలో పట్టుకుని చాలాసేపు ఆలోచించి, "గా కొసను వెనుకకు మడువు, చూసి తిరిగి ఇస్తరు" అన్నది. మడిస్తే సరిపోయేది. మడత మళ్లీ విప్పవచ్చు. ఉమారాణి మడవలేదు. మడిచినది ఎవరైనా విప్పుతారేమోనని భయపడింది. దూలానికి వేలాడుతున్న తండ్రి కత్తెర దించింది. గొర్రెల ఉన్ని కత్తిరించే పెద్ద కత్తెర అది. దానిని బీరప్ప తప్ప ఆ ఇంట్లో ఎవరూ ముట్టరు. ఆడవాళ్లు అసలే ముట్టరు. మూడు పట్లలో సుక్కమ్మ వేరై పొయ్యి దగ్గర నేలమీద పడింది.

సుక్కమ్మ అప్పుడు గోడకవతల ఎండలో కూర్చుని ఉన్ని వడుకుతున్నది. ఆ చప్పుడు ఉమారాణికి వినపడుతూనే ఉన్నది.

సాయంత్రం బీరప్ప వచ్చి కత్తెర దించిన తీరు చూశాడు. తర్వాత చిన్న కూతురి ముఖం చూశాడు. పొయ్యి దగ్గర చిత్తులో ఆ ముక్కను ఏరి, గొంగడితో తుడిచి, తన పొగాకు డబ్బాలో పెట్టుకున్నాడు. "ఇంకెప్పుడు నా కత్తెర ముట్టకు" అన్నాడు. మధ్యవర్తి తిరిగి ఇచ్చిన ఫొటో ఉమారాణి పెట్టెలో అత్తవారింటికి చేరింది.

ఇంతవరకే అయితే దీనిని ఒక పంతొమ్మిదేళ్ల పిల్ల భయంగా చూసి క్షమించవచ్చు. తర్వాత జరిగినదానికి ఆ సాకు లేదు. 2003లో, అరుణమ్మ పోయిన తర్వాత, ఉమారాణి పుట్టింటికి వచ్చి ఉండగా, ఆ డబ్బా సుక్కమ్మ చేతికి చిక్కింది. మూత తీసి చూసి సుక్కమ్మ పెట్టిన కేక వాడకట్టంతా విన్నది. "నన్ను కోసి డబ్బల దాసుకున్నవా నాయినా? పెద్దబిడ్డ ఉన్నదని చెప్పుకోనీకె అంత సిగ్గా నీకు?" బీరప్ప అప్పుడు అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. వడ్డిస్తున్నది ఉమారాణి. ఆయన తల ఎత్తి ఆమెవైపు ఒక్కసారి చూశాడు. ముప్పై రెండేళ్ల మనిషి, ఒక బిడ్డ తల్లి, ఆమె తల దించుకుని మరో గరిటె అన్నం వేసింది. ఆయన ఆ అన్నం తినకుండానే చెయ్యి కడుక్కున్నాడు.

ముక్క తండ్రి డబ్బాలో దొరికింది. అంచు చూస్తే, కోసినది తండ్రి తప్ప ఎవరూ ముట్టని కత్తెర. అడిగితే తండ్రి కాదనలేదు. ఈ మూడు ఆధారాలతో సుక్కమ్మ తీర్పు చెప్పుకున్నది. ఆమె స్థానంలో ఎవరున్నా అదే చెప్పుకునేవారు. మూడూ నిజాలే, తీర్పు మాత్రం తప్పు. తప్పని తెలిసిన ఇద్దరిలో ఒకరు బిడ్డకోసం నోరు మూసుకున్నారు, మరొకరు తనకోసం మూసుకున్నారు. బీరప్ప 2011లో పోయాడు. ఆ ఎనిమిదేళ్లు పెద్దబిడ్డ ఆయనతో మాట్లాడలేదు.

తరగతి జరిగిన మరునాడు అన్నం దగ్గర ఉమారాణి భర్తను అడిగింది. సైదులుది ఫ్యాక్టరీలో కాపలా పని. తక్కువ మాట్లాడే మనిషి.

"మన పెండ్లప్పుడు నా ఫొటో పంపిండ్రు గద, చూసినవా?"

"ఏం ఫొటో?"

"మా అమ్మ, నాయిన, నేను ఉన్నది."

"నేనేడ జూసిన! మా నాయిన ముందు మీ మందను జూసి వచ్చిండు. నూటిరవై గొర్లున్నయి, పిల్ల మంచిదే అన్నడు. గంతే." తన మాటకు తానే నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి, "మీ అక్క సంగతి మాకు మొదాలే తెలుసు. మీ ఊర్ల ఇంటికొకలు గట్లనే ఉంటిరి గద" అన్నాడు.

ముప్పై ఏళ్ల తర్వాత అనే మాటకు పెద్ద విలువ ఉండదు. ఆనాడు వాళ్లు నిజంగా ఒప్పుకునేవారో లేదో ఇప్పుడు తేల్చే దారి లేదు. అయినా ఉమారాణి చేతిలోని ముద్దను కంచంలోనే వదిలి లేచింది.

ఆమె అప్పటికీ నిజం వైపు నడవలేదు. మరో ఉపాయం వెతికింది. దసరాకు ఫోనులో తీసిన సుక్కమ్మ ముఖాన్ని కోసిన అంచు పక్కన ఖాళీ జాగాలో అతికించింది. లేని భాగాన్ని తనంతట తానే గీసి నింపే మీట ఒకటి అప్పుడే కొత్తగా ఇంటర్నెట్‌లో వచ్చింది. దానిని నొక్కితే మంచం నాలుగు కోళ్లతో పూర్తయింది. చీర వచ్చింది, చేతులు వచ్చాయి. ఎక్కడా అతుకు కనిపించలేదు. మార్పుల గడిలో 'సరిచేయబడినది' అని రాస్తే అది అబద్ధం కాదు కదా అని ఆమె తనకు తాను చెప్పుకున్నది. అక్క ఒప్పుకుంటే నాగరాణి కూడా కాదనదు. ఆదివారం బస్సెక్కి ఊరికి వెళ్లింది.

సుక్కమ్మ వాకిట్లో గోనెపట్టా మీద కూర్చుని ఉన్ని వడుకుతున్నది. పక్కనే ప్రభుత్వం వేసిన మిషన్ భగీరథ నల్లా నుంచి బిందెలోకి నీళ్లు సన్నగా పడుతున్నాయి.

"ఏందే, పండుగ లేదు పబ్బం లేదు, గిట్లొచ్చినవు?"

"ఒక ఫొటో చూపిస్తనని వచ్చిన అక్కా."

"ఎవలది? నీ బిడ్డ మనీష కూతురిదా?"

ఉమారాణి ఫోను అందించింది. సుక్కమ్మ వంకరపోయిన వేళ్లతో దానిని దూరంగా పట్టుకుని చూసింది. తండ్రిని గుర్తుపట్టింది, తల్లిని గుర్తుపట్టింది. తర్వాత మంచం అవతలి కొసకు వచ్చింది.

"ఇది నేనేనా?"

"ఔనక్కా."

"మొఖం నాదే. మరి గీ కాళ్లు ఎవలయే?"

ఉమారాణి మొదటిసారి అటు చూసింది. ముఖం సరిగ్గా కుదిరిందా, రంగు కలిసిందా అని మాత్రమే అంతవరకు చూసుకున్నది. మంచం మీది నుంచి రెండు తిన్నని కాళ్లు దిగి నేలమీద ఆనుకుని ఉన్నాయి.

"చెప్పులు గూడ తొడిగినవు గదనే! నా జిందగీల నేను చెప్పులు తొడగలే." సుక్కమ్మ పెద్దగా నవ్వింది. ఆ నవ్వు ఆగాక ఫోనును నేలమీద పెట్టింది. "అప్పుడేమో కాళ్లున్నయని మొత్తం తీసేసిండ్రు. ఇప్పుడేమో కాళ్లు మార్చి తోలుకొచ్చినవు. నా కాళ్లతోటి నన్ను ఒక్కపారి కూడ కూసోనియ్యరా?"

ఉమారాణి తప్పయిందంటూ, ఈ పుట గ్రంథాలయానికని, జరిగిన మార్పులు రాయడానికి కింద ఒక గడి ఉంటుందని ఏదేదో చెప్పింది. సుక్కమ్మ అంతా విన్నది.

"అది శానా రోజులుంటదా?"

"ఉంటది. ఎవలన్న చదువొచ్చు."

"అయితే రాయి. మా నాయిన బీరప్ప ఈ ఫొటోను కోసిండని రాయి. అవిటి బిడ్డను లోకానికి చూపెట్టనీకె సిగ్గువడి, గొర్ల కత్తెరతోటి కోసిండని రాయి. నాతోని చెప్పిచ్చుకొని రాసిన్నని గూడ రాయి. చదవనీ అందరు."

ఉమారాణి చేతిలో ఫోను ఉన్నది. గడి తెరిచే ఉన్నది. అక్క చెప్పినట్టు రాస్తే అయిదు గడులూ నిండుతాయి. సాక్షి సంతకం పెట్టినట్టే అవుతుంది. నాగరాణికి అడగడానికి ఏమీ మిగలదు. మూడు పట్లలో ఫొటోను కోసిన చెయ్యి ఇప్పుడు నాలుగు మాటలలో తండ్రిని కోయగలదు. ఆయన లేచి వచ్చి తల ఎత్తి చూడడు కూడా.

"నాయిన కొయ్యలేదక్కా."

"మరెవలు కోసిండ్రు? ఆ కత్తెర ఎవలు ముడుతరే మన ఇంట్ల?"

"నేను ముట్టిన."

వడుకుతున్న కదురు ఆగింది.

"ముక్క ఆయన డబ్బల దొరికె."

"పొయ్యి కాడ చిత్తుల నుంచి ఏరుకున్నడు. అమ్మ మడువుమన్నది. నేనే కోసిన."

"నేను మొత్తుకున్ననాడు నువ్వు ఆడనే ఉంటివి. అన్నం వెడుతుంటివి."

"ఉన్న."

"నోరు వడిపోయిందా ఆనాడు?"

ఉమారాణి తల దించుకున్నది.

"గట్లనే. ఆనాడు గూడ గట్లనే వంచుకుంటివి."

బిందె నిండి నీళ్లు వాకిట్లోకి పారుతున్నాయి. ఉమారాణి లేచి నల్లా కట్టేయడానికి వెళ్లబోయింది. "ఉండనీ" అన్నది సుక్కమ్మ. ఆ నీళ్లనే చూసింది. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు. అది ఉంటేనే ఉమారాణికి సులువుగా ఉండేది.

"నాయిన పోయే ముందల పది దినాలు మంచంల వడె. సుక్కీ, గిన్ని నీళ్లియ్యవే అని పిలుస్తుండె. నేను గోడ దిక్కు తిరిగి కూసున్న. పక్కింటోళ్లు వచ్చి పోసిండ్రు. ఒక్క గుక్క నా చేతితోటి పొయ్యలే." వేళ్లతో ఉన్నిని నలుపుకున్నది. "ఎనిమిదేండ్లు ఆయన నా దిక్కు ఎందుకట్ల జూసిండో నాకిప్పుడు తెలిసింది. తెలియకున్న బతుకుదును."

చెప్పేస్తే గుండె తేలికపడుతుందని బస్సులో ఎక్కడో ఉమారాణి అనుకుని ఉంటుంది. తేలికపడింది లేదు. ముప్పై రెండేళ్లు తాను మోసినది సగమే దిగింది. దిగినది అక్క ఒడిలో పడింది. నిజం చెప్పడం తప్పని ఎవరూ అనరు. కాని దానిని తండ్రి బతికి ఉండగా చెప్పవలసింది. పదకొండేళ్లు ఆలస్యమైన నిజం ఇంకో మనిషికి కొత్త సిగ్గు తెచ్చిపెట్టిందంటే, ఆ భారం కూడా ఆలస్యం చేసినవారి లెక్కలోకే వస్తుంది. అది ఉమారాణికి ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.

సుక్కమ్మ చేతులమీద జరుగుతూ లోపలికి వెళ్లి పొగాకు డబ్బా తెచ్చింది. మూత తీసింది. ఇరవై ఏళ్ల సుక్కమ్మ గొంగడి మీద కూర్చుని కెమెరావైపు సూటిగా చూస్తున్నది. మోకాళ్లు లోపలికి వంగి ఉన్నాయి. పాదాలు నేలకు ఆనలేదు. మంచం పట్టె మీద ఆమె చెయ్యి పెద్దరికంగా ఉన్నది.

ఉమారాణి చెయ్యి చాచింది.

"నువ్వు ముట్టకు," అన్నది సుక్కమ్మ.

ముక్కను తన అరచేతిలోనే పరిచి పట్టుకున్నది. ఉమారాణి ఫోనుతో ఫొటో తీసింది.

"రెండు ముక్కలను అతికియ్యకు. ఏడున్నదాన్ని ఆడనే ఉండనీ. ఇంకోటి, ముందుగాల నాయిన కొయ్యలేదని రాయి. నీ సంగతి తరువాత రాసుకో."

ఉమారాణి లేచింది. ఎప్పుడు వచ్చినా తినిపో, తాగిపో అని చెయ్యి పట్టి ఆపే అక్క ఆ రోజు ఆపలేదు. నీళ్లు తాగుతవా అని కూడా అడగలేదు. బిందెలో నీళ్లు ఇంకా పొర్లుతూనే ఉన్నాయి.

గురువారం నాగరాణి కొత్త పుటను చదివింది. ఎడమవైపు సగం మంచంతో పాత ఫొటో ఉన్నది. కొంత జాగా వదిలి, కుడివైపు వంకరవేళ్ల అరచేతిలో మిగతా సగం మంచం. అయిదో గడిలో ఇలా ఉన్నది:

ఈ ఫొటోను మా నాయిన బీరప్ప కత్తిరించలేదు. 1990లో పెళ్లి సంబంధానికి పంపడం కోసం, మా అక్క సుక్కమ్మ కనపడకూడదని, చిన్నకూతురు ఉమారాణి కత్తిరించింది. తీసేసిన ముక్కను మా నాయిన భద్రపరిచాడు. కత్తిరించింది ఆయనేనని మా అక్క నమ్మింది. కాదని తెలిసీ నేను చెప్పలేదు.

"పేరు తియ్యమంటే తీస్త ఉమా. 'ఇంట్లోవారు' అని పెడ్త," అన్నది నాగరాణి మెల్లగా.

"వద్దు మేడం."

సుమన వెనకనుంచి తొంగి చూసి చదివింది. తన కుర్చీలో సర్దుకుని కూర్చుంది. ఆ రోజు జాకెట్టు కొలతలిస్తానన్న సుమన ఇవ్వకుండానే వెళ్లిపోయింది. నాగరాణి పుటను గ్రంథాలయం పేరుతో భద్రపరిచింది.

పది రోజుల తర్వాత సుక్కమ్మ ఫోను చేసింది. క్షేమం అడగలేదు.

"పెట్టిండ్రా అండ్ల?"

"పెట్టిండ్రక్కా."

"నాయిన కొయ్యలేదన్నది పైననే రాసినవా?"

"పైననే ఉన్నది."

"చదువు."

ఉమారాణి మిషను ఆపి, గిరాకీకి వచ్చిన ఇద్దరు వింటుండగానే, మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివింది. అవతల కదురు తిరుగుతున్న చప్పుడు వినపడింది. తర్వాత సుక్కమ్మ ఫోను పెట్టేసింది.